నేలకు గాలి పెట్టుడు

సాయిల్ మెకానిక్స్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో సివిల్ వాళ్ళందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. కంపాక్షన్‌కీ కన్సాలిడేషన్‌కీ తేడా ఏంటి? జవాబు సీనియర్ల దగ్గర్నించి జూనియర్లకి వారసత్వంగా వస్తుంది. మట్టిలోంచి గాలి పోతే కంపాక్షన్, నీళ్ళు పోతే కన్సాలిడేషన్. నన్నూ అదే అడిగారు, నేనూ అదే చెప్పాను. ఎగ్జామినర్ సార్ తలూపి, "గాలి ఎందుకు తీసేస్తాం?" అన్నారు. "నేల గట్టిపడాలని సార్. గట్టిపడితేనే రోడ్డు నిలబడుతుంది, పునాది కుంగదు" అన్నాను. మార్కులు బాగానే వేశారు.

బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాక ఒక విషయం తట్టింది. మా నాయిన ఇరవై ఏళ్ళ పైనుంచీ చేస్తున్న పని దీనికి సరిగ్గా ఉల్టా. జనం తొక్కీ తొక్కీ నేలలోంచి తీసేసిన గాలిని మళ్ళీ నేలలోకి పెట్టడం ఆయన పని.

మా నాయిన హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ కోర్సులో మాలి. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అడ్మిషన్ ఫారంలో 'తండ్రి వృత్తి' అన్న గడిలో 'ప్రైవేట్ ఎంప్లాయీ' అని నింపాను. హాస్టల్లో ఎవరైనా అడిగితే "గోల్ఫ్ క్లబ్‌లో చేస్తాడు" అని అక్కడికి ఆపేసేవాణ్ణి. వినేవాళ్ళు మేనేజరో అకౌంటెంటో అనుకునేవాళ్ళు. అనుకోనీ అని నేనూ ఊరుకునేవాణ్ణి.

గోల్ఫ్ టీవీలో మాత్రమే చూసినవాళ్ళకి మైదానమంతా ఒకటే పచ్చగా కనిపిస్తుంది. అందులో అసలు ప్రాణం గ్రీన్‌లోనే ఉంటుంది. బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి జాగాని గ్రీన్ అంటారు. ఒక్కోటి సుమారు 500 చదరపు మీటర్లు. అలాంటివి పద్దెనిమిది. అక్కడి గడ్డిని దాదాపు 3 మిల్లీమీటర్ల ఎత్తులో కోస్తారు. రెండు రూపాయి బిళ్ళల్ని ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో ఇంచుమించు అంతే. బంతి చాపమీద గోలీలా దొర్లాలంటే అలాగే ఉండాలి మరి.

ఆ గడ్డి ఏమిటో తెలుసా? గరిక. వినాయక చవితికి మనం పూజలో పెట్టే గరికే, ఇంగ్లీషులో బెర్ముడా గ్రాస్. మా కోర్సులో ఉండేది దాని సంకర జాతి, పేరు టిఫ్‌డ్వార్ఫ్. దీనికి గింజ కట్టదు. తీగ ముక్కలు నాటుకోవాల్సిందే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే ఊళ్ళో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1965లో ఈ రకాన్ని విడుదల చేశాడు. పేరులో 'టిఫ్' ఆ ఊరిదే.

ఇక్కడ మా తాత వస్తాడు. మాది పాలమూరు వైపు పల్లె. తాత బతికినన్నాళ్ళూ చేలో గరికతో కొట్లాడినవాడే. పారతో తవ్వినా, చేత్తో పీకినా, ఒక్క కణుపు మిగిలితే మళ్ళీ పాకేది. "గరికను గెలిచినోడు లేడు" అనేవాడు. ఆయన కొడుకేమో పట్నం పోయి, అదే గరిక చచ్చిపోకుండా కాపాడే ఉద్యోగంలో చేరాడు. తాతకి ఇది చివరిదాకా నవ్వులాటే. "పైసలిచ్చి గరిక పెంచుకునేటోళ్ళు గూడ ఉంటరార?" అని అడిగేవాడు.

తాతకి తెలియంది ఇంకోటుంది. నాకూ ఈమధ్యే తెలిసింది. ఆయన కుర్రతనంలో ఊళ్ళోకి హైబ్రిడ్ సజ్జ వచ్చిందని, మొదట విరగపండిందని, తర్వాత వెర్రి కంకి తెగులు వచ్చి ముంచిందని చెప్పేవాడు. మనదేశంలో మొదటి హైబ్రిడ్ సజ్జ హెచ్‌బి-1. విడుదలైంది 1965లోనే. దాని తల్లి వంగడం టిఫ్ట్ 23ఏ. తయారుచేసింది అదే గ్లెన్ బర్టన్. మా తాత తిన్న సజ్జరొట్టె వెనకా, మా నాయిన కోసే గడ్డి వెనకా ఒకే మనిషి చెయ్యి ఉంది. ఇది చదివిన రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది. తాత లేడు. నాయినకి ఫోన్ చేసి చెబితే, "అట్లనా! మంచిగనే జేసిండు గని, ఆ గింజకు తెగులెందుకొచ్చె మరి?" అన్నాడు.

సరే, గ్రీన్ దగ్గరికొద్దాం. ఎవరు ఎటు కొట్టినా చివరికి అందరూ నడిచేది ఆ చిన్న జాగా మీదే. రోజూ వందల అడుగులు, దానిమీద రోజూ మిషను. గుంట చుట్టూ తొక్కుడు మరీ ఎక్కువని దాన్ని రోజుకో చోటికి మారుస్తుంటారు కూడా. అయినా పై రెండు మూడంగుళాల మట్టి గట్టిపడక మానదు. మనం ల్యాబ్‌లో ప్రాక్టర్ టెస్ట్ చేస్తాం కదా, 2.6 కిలోల సుత్తి, 310 మిల్లీమీటర్ల ఎత్తు, మూడు పొరలు, పొరకి 25 దెబ్బలు. మెంబర్లు బూట్లేసుకుని నెమ్మదిగా, మర్యాదగా చేసేది కూడా అదే ప్రాక్టర్ టెస్ట్.

మట్టిలో ఇంచుమించు సగం గట్టి పదార్థం, సగం ఖాళీ. ఆ ఖాళీల్లో చిన్నవి నీళ్ళు పట్టుకుంటాయి, పెద్దవి గాలి పట్టుకుంటాయి. తొక్కితే ముందు పోయేవి పెద్దవి. ఆకు ఆక్సిజన్ తయారుచేస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం కానీ, వేరుకి ఆక్సిజన్ కావాలనీ, అది మట్టిలోంచే రావాలనీ మనం పెద్దగా పట్టించుకోం. దీనికి తోడు ఇంకో బాధ. పాత కాడలు, చచ్చిన వేర్లు పైపైన చాపలా పేరుకుంటాయి. కొద్దిగా ఉంటే మెత్త, ఎక్కువైతే తడి గోనెసంచి. అడుగున ఎంత మంచి ఇసుక ఉన్నా పైన గొంతు పూడుకుపోయినట్టే. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ఒక పద్ధతి అచ్చువేసింది. అడుగున డ్రైనేజీ గొట్టాలు, వాటిమీద పది సెంటీమీటర్ల కంకర, ఆపైన ముప్పై సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. గ్రీన్ కాదు, ఒక పెద్ద ఫిల్టర్ బెడ్. కానీ అలా కట్టిన గ్రీన్‌నైనా పట్టించుకోకుండా వదిలేస్తే దాని గొంతూ పూడుతుంది. మా నాయిన కోర్సులో అలాంటివి కొన్నే, మిగతావి పాతకాలపు మట్టి గ్రీన్‌లు.

దీనికి మందు రంధ్రాలు కొట్టడం. ఏరేషన్ అంటారు. మాలీలు పంచింగ్ అంటారు. ఇంజనున్న మిషను వెనక నడుస్తూ తోలాలి. దాని కింద బోలు గొట్టాలు వరసగా పైకీ కిందికీ ఆడుతుంటాయి. దిగిన ప్రతిసారీ ఒక మట్టికడ్డీని పెరికి పైన పడేస్తుంది. చూడ్డానికి చుట్టముక్కల్లా ఉంటాయవి. వాటిని ఎత్తేసి, ఎండిన ఇసుక చల్లి, బ్రష్షుతో గుంతల్లోకి నెట్టి, నీళ్ళు పెడతారు. ఆ ఇసుక దారుల్లోంచి నీళ్ళు దిగుతాయి, గాలి దిగుతుంది, కొత్త వేర్లు దిగుతాయి.

ఇసుక చల్లడం గురించి ఒక కథ చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్‌లో ఓల్డ్ టామ్ మోరిస్ అనే ఆటగాడుండేవాడు. కోర్సుల్ని చూసుకునే పని కూడా ఆయనదే. ఒకరోజు చేతిబండిలోంచి ఇసుక పొరపాటున గ్రీన్‌మీద ఒలికిందట. కొన్నాళ్ళకి అక్కడే గడ్డి బాగా లేచిందట. నిజమో కాదో గానీ, మాలీలకి నచ్చే కథ ఇది.

లెక్క చూద్దాం, మనం ఇంజనీరింగ్ వాళ్ళం కదా. గొట్టం వ్యాసం 12 మి.మీ., రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 50 మి.మీ., లోతు 75 మి.మీ. అనుకోండి. చదరపు మీటరుకి 400 రంధ్రాలు. ఒక గ్రీన్‌కి రెండు లక్షలు. పద్దెనిమిదింటికి 36 లక్షలు. ఇంతా చేస్తే తీసిన ఉపరితలం నాలుగున్నర శాతమే. మట్టి మాత్రం ఒక్కో గ్రీన్‌కి 1.7 ఘనపు మీటర్లు, అంటే దాదాపు రెండున్నర టన్నులు. ఆ మట్టినంతా ఎత్తాలి, అంతకు తగ్గకుండా ఇసుక పోయాలి. ఇదంతా చేసేది తెల్లవారుజామున నాలుగింటికి టోపీ పెట్టుకుని సైకిలెక్కే మనుషులు.

చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను. నా సెకండియర్ ఎండాకాలంలో జరిగింది.

గరికకి పంచింగ్ చేయాల్సింది అది ఉరికురికి పెరిగే రోజుల్లో. మన దగ్గరైతే ఎండలు ముదిరాక, వానలు బలంగా పట్టకముందు. అప్పుడైతే రెండు మూడు వారాల్లో పూడుకుంటుంది. చలికాలంలో కొడితే గడ్డి నిద్రలో ఉంటుంది, గుంత గుంతలాగే ఉంటుంది. ఆ ఏడు మే నెలకి అంతా సిద్ధం చేశారు. ఇసుక కూడా దిగింది. అంతలో ఎవరో కంపెనీవాళ్ళ టోర్నమెంటు వచ్చి పడింది. పైగా కిందటిసారి బంతి గుంతలమీద ఎగిరెగిరి పడిందని కొందరు మెంబర్లు అప్పటికే గొడవ పెట్టి ఉన్నారు. 'వానలయ్యాక చూద్దాం' అన్నారు పైవాళ్ళు.

నాయిన నాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, ఇంగ్లీషుల ఒక లెటర్ రాసియ్యి. ఇప్పుడు పంచింగ్ ఆపితె వానల్ల గ్రీన్‌లు ఖరాబైతయని రాయి. నేను నోటితోని జెప్తె ఎవరింటరు? కాయితం మీదుంటె సదువుతరు."

"ఇంటర్నల్స్ ఉన్నయ్ నాయినా, అయిపోయినంక రాస్త" అన్నాను.

ఇంటర్నల్స్ నిజంగానే ఉన్నాయి. మూడు రోజుల్లో అయిపోయాయి. నాలుగో రోజు అందరం కలిసి సినిమాకి పోయాం. ఆ ఉత్తరం రాయడానికి అరగంట చాలు. కానీ కింద 'హెడ్ మాలి' అని నా చేత్తో టైప్ చేయాలి. దాన్ని చదివి నవ్వేవాళ్ళని ఊహించుకున్నాను. మెంబర్లలో ఎవరి పిల్లలో మన కాలేజీలో ఉంటారేమో అని కూడా అనుకున్నాను. వారం తర్వాత నాయిన మళ్ళీ అడిగాడు. "రాస్త నాయినా" అన్నాను మళ్ళీ. ఆయన ఏదైనా రెండుసార్లే అడుగుతాడు.

ఆ ఏడు జులైలో వానలు గట్టిగా పట్టాయి. చెట్ల నీడలో ఉన్న మూడు గ్రీన్‌లమీద నీళ్ళు నిలబడ్డాయి. పాచి పట్టింది. నాయిన కత్తితో ఒక ముక్క కోసి చూస్తే, రెండంగుళాల కింద నల్లటి పొర, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాలి లేని చోట వేరే రకం సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ వాసన వాటిదే. వేళ్ళంత పొడుగుండాల్సిన వేర్లు అగ్గిపుల్ల తలకాయంత ఉన్నాయట. ఆగస్టుకల్లా ఆ మూడింటిలో గడ్డి అట్టలు అట్టలుగా పోయింది.

ఎవరిదో ఒకరిది తప్పు కావాలి. నీళ్ళు ఎక్కువ పెట్టాడని నాయినకి మెమో ఇచ్చారు. ఇంగ్లీషులో. ఆయన దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో నాకే పంపాడు, 'ఏం రాసిండ్రో సూడు బిడ్డా' అని వాయిస్ మెసేజ్ పెట్టి.

హాస్టల్ మెట్లమీద కూర్చుని నేను ఆ మెమో నాలుగుసార్లు చదివాను. ఫోన్ చేసి, అందులో ఉన్న 'నిర్లక్ష్యం' అన్న మాటని 'జాగ్రత్త తక్కువ' అని చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "గంతేనా?" అన్నాడు. "గంతే నాయినా" అన్నాను. ఆయన్ని గ్రీన్‌ల మీదనించి తీసి పార్కింగ్ పక్కన కంచె మొక్కలు కత్తిరించే పనికి వేశారు. హెడ్ మాలికిచ్చే అదనపు డబ్బులు ఆగిపోయాయి. ఆ నెల నా ఎగ్జామ్ ఫీజు ఆయన రెండు రోజులు ఆలస్యంగా పంపాడు. ఎందుకాలస్యమని నేను అడగలేదు.

నేను ఉత్తరం రాసుంటే టోర్నమెంటు ఆగేదా? ఆగేది కాదు. అది నాకూ తెలుసు. కానీ ఆగస్టులో మెమో ఇచ్చిన రోజు, 'నేను మే నెలలోనే చెప్పిన' అని చూపించడానికి ఆయన చేతిలో ఒక కాయితం ఉండేది. నేను ఎగ్గొట్టింది ఆ కాయితాన్ని.

తర్వాతి ఏడు కొత్త సూపరింటెండెంట్ సార్ వచ్చారు. ఆయన చేసిన మొదటి పని ఒక డబ్బా తీసుకోవడం. అడుగు లేని ఇనప డబ్బాని గ్రీన్‌లోకి కొంచెం దిగ్గొట్టి, నీళ్ళు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో చూడటం. మనం చదువుకునే ఇన్‌ఫిల్ట్రోమీటర్ టెస్టే, నాటు పద్ధతిలో. పచ్చగా ఉన్న గ్రీన్‌లో ఒక సినిమా పాట అయిపోయేలోపు నీళ్ళు మాయం. పోయిన గ్రీన్‌లో అందరూ చాయ్ తాగి గ్లాసులు కడిగి పెట్టేదాకా డబ్బాలో నీళ్ళు అలాగే ఉన్నాయట. "ఈ మిషను ఎవరికొచ్చు?" అని అడిగారట సార్. అందరూ పార్కింగ్ వైపు చూశారట.

ఆ మే నెలలో సెలవులకి ఇంటికెళ్ళి, "నేనూ వస్త నాయినా" అన్నాను. మనుషులు తక్కువున్నారు, రోజుకూలీకి పెట్టుకున్నారు. వారం రోజులు మట్టికడ్డీలు ఎత్తాను. కాగితంమీద రెండున్నర టన్నులు రాయడం తేలికే. రెండో రోజు పొద్దున చేతులు పిడికిలి పట్టలేదు.

నాయిన మిషను తోలుతుంటే మొదటిసారి నిలబడి చూశాను. నాగలి వెనక నడిచినట్టే నడుస్తాడు, చూపు ముందుకి కాదు, కాళ్ళ దగ్గర. వరసకీ వరసకీ మధ్య వేలు పట్టదు. మధ్యలో ఆపి, ఒక మట్టికడ్డీ తీసుకుని, రెండు వేళ్ళతో విరిచి, వాసన చూసి పక్కన పెడతాడు. వాన పడి ఆరిన చేలో పైన గట్టి పెచ్చు కడితే తాత గుంటుక తోలేవాడు, మొలకకి ఊపిరాడాలని. ఇదీ అదే. ఎద్దుల బదులు పెట్రోలు.

మూడోరోజు ఒక మెంబరు సారు మా దగ్గరికొచ్చారు. చేతిలో పట్టర్, ముఖంలో చిరాకు. "బాగున్న గ్రీన్‌ని ఎందుకు పాడు చేస్తున్నారు?" అని ఇంగ్లీషులో అడిగారు. నాయిన నావైపు చూశాడు. నేను చేతిలో పార పట్టుకునే ఇంగ్లీషులో చెప్పాను. పై పొర ఎలా గట్టిపడుతుంది, గాలి ఖాళీలు ఎలా పోతాయి, నాలుగున్నర శాతం తీస్తే మిగతా తొంభై అయిదు ఎలా బతుకుతుంది, కిందటేడు ఆ మూడు గ్రీన్‌లకి ఏమైంది. ఆయన కొంచెం విన్నారు, కొంచెం వాచీ చూసుకున్నారు. "ఎన్ని రోజులు?" అన్నారు. "పద్దెనిమిది, ఇరవై సార్" అన్నాను. ఓకే అని వెళ్ళిపోయారు. సినిమాలోలాగా ఆయనేం మారిపోలేదు.

"ఏం జెప్పినవ్‌రా?" అన్నాడు నాయిన.

"గాలి కోసం అని చెప్పిన."

"గా ఒక్క ముక్కకు గంతసేపా?"

నేను పార కింద పెట్టి నవ్వాను. ఆయనా నవ్వాడు. అప్పుడే ఉత్తరం సంగతి చెప్పాలనుకున్నాను, సినిమాకి పోయిన సంగతి కూడా. నోరు తెరిచేలోపు ఆయన మిషను స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడులో ఏం వినపడుతుంది? సాయంత్రం బండిమీద ఇంటికొస్తుంటే వెనక కూర్చుని చెప్పాను. ఆయన మొహం కనపడకుండా చెప్పడమే నయమనిపించింది. ట్రాఫిక్‌లో ఆయన కొంచెంసేపు ఏం అనలేదు. సిగ్నల్ దగ్గర ఆగాక, "నాకెర్కనే" అన్నాడు. "ఇంటర్నల్స్ మూడు దినాలే ఉంటయని నువ్వే జెప్తివి గదా ఫస్టియర్ల." ఇంకేం అనలేదు. పచ్చలైటు పడింది.

పందొమ్మిదో రోజుకి గ్రీన్ పూడుకుంది. మాలీలు అక్కడ ఆడరు. కానీ నాయిన జేబులోంచి ఒక పాత బంతి తీసి, వంగి, చేత్తో దొర్లించాడు. అది వణక్కుండా పోయింది. ఎంత దూరం పోయిందని కాదు, వణుకుతుందా లేదా అన్నదే ఆయన చూసింది.

ఈ ఏడు మళ్ళీ మే వస్తోంది. పోయిన నెల సూపరింటెండెంట్ సార్ నోటీసు బోర్డుకి నాలుగు లైన్లు రాసివ్వమన్నారు, పంచింగ్ ఎప్పుడు, ఎందుకు, ఎన్ని రోజులు అని. నాయిన నాకు ఫోన్ చేశాడు, ఒక్కసారే. ఆ రాత్రే ఇంగ్లీషులో రాసి పంపాను. కింద ఆయన పేరు, హెడ్ మాలి అని.

"తెలుగుల గూడ రాయి. షెడ్డుల పెడ్త. కొత్త పోరగాళ్ళొచ్చిండ్రు" అన్నాడు.

మన క్లబ్ మెంబర్ని కదా, కష్టపడి మంచి తెలుగులోనే రాశాను. పైన పెద్దక్షరాలతో 'మృత్తికను గుల్లబరచుట' అని శీర్షిక పెట్టాను. షెడ్డులో ఎవరో చదివి వినిపించారట. రాత్రి ఫోనొచ్చింది.

"గిట్లెవరు మాట్లాడ్తర్రా? కొట్టేసి మంచిగ రాయి."

"మరేం రాయాలె నాయినా?"

"నేలకు గాలి పెట్టుడు."

కొట్టేసి అదే రాశాను.